మా అత్తమ్మ ముక్కు

మా ఇంట్లో వంటను రుచి చూడకూడదు. గరిటెతో ఒక చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించినా సరే, మా అత్తమ్మ లెక్కలో అది ఎంగిలే. నలుగురికి పెట్టే అన్నాన్ని పెట్టకముందే ఎంగిలి చేస్తే ఇక మర్యాదేముంది అంటుంది. మరి ఉప్పు సరిపోయిందో లేదో తెలిసేదెలా అని అడిగితే, దేవుడు ముక్కెందుకిచ్చాడని ఎదురు ప్రశ్న వేస్తుంది.

పెళ్ళయి సూరత్‌కు వచ్చిన కొత్తలో నేను దీన్ని అత్తగారి బడాయి కింద జమకట్టాను. ఉప్పుకు వాసనేమిటి, విడ్డూరం కాకపోతే. ఆమె మాత్రం గిన్నె మీది మూత తీసి, ఆవిరిని చేత్తో ముఖం వైపు తోసుకుని, కళ్ళు సగం మూసి, "ఇంకింత ఏయ్" అనేది. లేదంటే "సాలు, మూత పెట్టు" అనేది. ఒకరోజు పరీక్ష పెడదామని చారులో కావాలనే ఉప్పు వేయకుండా ఊరుకున్నాను. గడప దగ్గర కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మనిషి తలెత్తకుండానే, "చారుల ఉప్పెయ్యలేదేందే పిల్లా" అంది. అంతే, ఆ ముక్కుకు దండం పెట్టేశాను. ఉప్పు పడని చారులో చింతపండు వాసన ఒక పక్క, మిరియం వాసన ఒక పక్క విడివిడిగా ఉంటాయనీ, ఉప్పు పడితే రెండూ కలిసిపోతాయనీ తర్వాత్తర్వాత నాకూ కొంచెం తెలిసింది. ఆమెకు తెలిసినంత మాత్రం ఎన్నడూ తెలియలేదు.

మాది నవాగామ్‌లో చిన్న మెస్. ముందు గదిలో చాపలు, వెనక గదిలో పొయ్యిలు, మధ్యలో మా కాపురం. తినడానికి వచ్చేవాళ్ళంతా మా వైపు మనుషులే. సిరిసిల్ల, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ మగ్గాల కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళు. మా ఆయనా అదే పని. మగ్గాల చప్పుడులో పన్నెండు గంటలు ఉండి వస్తారు కాబట్టి అన్నం దగ్గర కూడా అరుచుకుంటూనే మాట్లాడతారు. ఇంకాస్త పప్పు కావాలంటే నోటితో అడగరు, చెయ్యి ఊపుతారు. ఆ ఊపును బట్టి పప్పా, మజ్జిగా, అన్నమా అన్నది మేం అర్థం చేసుకోవాలి. వాళ్ళంతా తిని లేచాక మా ఆయన తినేవాడు, ఆ తర్వాత అత్తమ్మ, అందరికన్నా చివర నేను. ఆనవాయితీ అంటే ఆనవాయితీ. నాకు ఆకలికి కళ్ళు తిరిగి కోపం వచ్చినా, ఆ కోపమూ వరుసలో చివరే నిలబడాలి.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అత్తమ్మకు వచ్చింది. మాకందరికీ వచ్చే ఉంటుంది కానీ మంచం పట్టింది ఆమే. జ్వరం, దగ్గు, ఒళ్ళు నొప్పులు. ఆసుపత్రిలో చోటు దొరకని రోజులవి. అయినా దేవుడి దయ వల్ల ఆయాసం దాకా పోలేదు. ఇంట్లోనే తేరుకుంది. లేచిన రోజున గోడ పట్టుకుని వంటగదిలోకి వచ్చి, నేను సర్దిన డబ్బాలన్నీ మళ్ళీ తన పద్ధతిలో సర్దుకుంది. ఆ డబ్బాల చప్పుడు విని నాకు ప్రాణం లేచివచ్చింది. జబ్బు పోయిందనుకున్నాం. కార్ఖానాలు తెరిచారు, ఊళ్ళకు వెళ్ళిన మగవాళ్ళు తిరిగొచ్చారు, మెస్ మళ్ళీ మొదలైంది.

మొదట మాడు వాసన మొదలైంది. పొయ్యి మీద ఏమీ ఉండదు, గిన్నెలు కడిగి బోర్లించి ఉంటాయి. ఆమె ఉన్నట్టుండి లేచి, "ఏదో మాడుతుందే" అంటూ వంటగదిలోకి పరుగెత్తేది. గ్యాస్ బండ దగ్గర వంగి చూసేది. కరెంటు బోర్డు దగ్గర ముక్కు పెట్టేది. ఏమీ లేదత్తమ్మా అంటే, ఎట్ల లేదు, ఎంటికలు కాలినట్టు వస్తుంది అని నా మీదే కోపగించేది. ఒక మధ్యాహ్నం పక్కింటివాళ్ళ తలుపు కొట్టి, మీ ఇంట్లో ఏదో తగలబడుతోందని వచ్చీరాని గుజరాతీలో చెప్పి, వాళ్ళను బయటికి పిలిచింది. పాపం వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని బయటికి వచ్చి నిలబడ్డారు. నేను వెళ్ళి క్షమాపణ చెప్పుకుని ఆమెను లోపలికి తీసుకొచ్చాను.

తర్వాత మాటలు తప్పిపోవడం మొదలైంది. గరిటె అనబోయి ఆగిపోయేది. "గదే, గది ఇయ్యే, కలిపేది" అనేది. బియ్యం కడగడానికి కూర్చుని, నీళ్ళలో చేతులు పెట్టి, తర్వాత ఏం చేయాలో తోచక నన్ను చూసేది. మగవాళ్ళు ఒక్కసారి మాట్లాడటం మొదలుపెడితే తల పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయేది. అంతకుముందు ఆ గోల మధ్యే మనిషి మనిషినీ కనిపెట్టి, ఎవరు తక్కువ తిన్నారో ఎవరు అలిగి లేచారో చెప్పగలిగిన మనిషి ఆమె.

ఉప్పు సంగతి సరే సరి. ఒకరోజు రెండుసార్లు పడేది, ఒకరోజు అసలే పడేది కాదు. ఇక్కడే మా ఆనవాయితీ మమ్మల్ని నిలువునా ముంచింది. వండేటప్పుడు ఎవరూ రుచి చూడరు. మగవాళ్ళు తిని లేస్తారు, మా ఆయన తిని లేస్తాడు. అత్తమ్మ ఆ మధ్య మజ్జిగ అన్నం తప్ప ఏదీ తినడం లేదు. కూరలో ఉప్పు లేదన్న సంగతి చిట్టచివర నా నోట్లో తేలేది, అప్పటికి గిన్నె అడుగు కనిపిస్తూ ఉండేది. తిన్నవాళ్ళు ఒక్కరూ ఒక్క మాట అనలేదు. అనకపోతే మాకెలా తెలుస్తుంది. మా ఆయన కూడా అనలేదు. ఎందుకు చెప్పలేదయ్యా అని నిలదీస్తే, "అవ్వకు మనసు నొస్తదని" అన్నాడు. ఆ అవ్వ కోడలి మనసు గురించి ఆలోచించే తీరిక ఆయనకెప్పుడూ లేదు లెండి.

ఒకరోజు నేను కూరగాయలకు దిండోలి వైపు వెళ్ళి, ఆలస్యంగా వచ్చాను. మా సందు మొదట్లోనే మాడు వాసన. ఈసారి నిజం మాడు వాసన. సంచీలు పట్టుకుని పరుగెత్తాను. అత్తమ్మ పొయ్యి దగ్గరే నిలబడి ఉంది. ఎక్కడికీ పోలేదు, నిద్రపోలేదు. అడుగంటి నల్లబడిన పప్పును గరిటెతో నిదానంగా కలుపుతోంది. పొగ ముఖానికి తగులుతున్నా ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు. నేను అడ్డు పడేలోపే గిన్నె ముందు గదిలోకి వెళ్ళిపోయింది. మగవాళ్ళు ఆ పప్పు కలుపుకుని తిన్నారు. వాళ్ళలో అందరికన్నా పెద్దాయన ఒకడున్నాడు, మా మెస్ పెట్టినప్పటి నుంచీ తింటున్నవాడు. ఆయన చెయ్యి ఊపి ఇంకో గరిటె వేయించుకుని, "మంచిగుంది పెద్దవ్వా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. అత్తమ్మ లోపలికి వెళ్ళాక వాళ్ళందరినీ దులిపేశాను.

"బొగ్గు పెట్టినా తింటరా మీరు? నోట్ల నాలుకలున్నయా లెవ్వా? ఒక్కడన్న చెప్పొద్దా?"

పెద్దాయన చెయ్యి కడుక్కోవడానికి లేస్తూ, "ఏమని చెప్పాలె అక్కా. గామె మాకు ఇన్నేండ్లు పెట్టింది. ఒక్క పూట మాడిందని వంక పెడ్తమా" అన్నాడు. నాకన్నా ఎంతో పెద్దవాడు నన్ను అక్కా అని పిలిచి ఆ మాట అంటే, నేను వంగి కంచాలు ఎత్తడం మొదలుపెట్టాను. వాళ్ళ మంచితనం నాకు అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా కోపం వచ్చింది. ఆ మంచితనమే కదా ఇన్నాళ్ళూ మమ్మల్ని చీకట్లో ఉంచింది.

ఆ సాయంత్రం మాడిన గిన్నెను తోముతుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. గిన్నె అడుగు చూసింది. మాడు పెచ్చును గోటితో గీకి చూసింది. తర్వాత మెల్లగా, "పిల్లా, నా మతి పోతుందే" అంది.

నేను ఊరుకో అత్తమ్మా అన్నాను. ఆమె ఊరుకోలేదు. వాళ్ళ పెద్దమ్మ సంగతి చెప్పింది. ఆ పెద్దమ్మ కూడా మొదట్లో గిన్నెలు మాడబెట్టిందట. తర్వాత కడుపున పుట్టినవాళ్ళనే ఎవరు మీరని అడిగిందట. చివరికి ఎటో వెళ్ళిపోతుందని గదిలో పెట్టి గొళ్ళెం వేసేవారట. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఆ గొళ్ళెం తీసి అన్నం పెట్టి వచ్చేది అత్తమ్మే.

"నేను గట్లనే అయితున్న. నాకు ఎర్కైతుంది. నువ్వు మొకం మీద చెప్పు. దాయకు. గొళ్ళెం పెట్టే దినమస్తె ముందుగాల నాకు చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే గిన్నె తోమాను. ఆమె పోతే ఈ ఇల్లు ఏమవుతుందన్న భయం కాదది. ఆమె ఉంటూనే లేకుండా పోతుందేమో అన్న భయం. రోజూ నాతో దెబ్బలాడే ఈ మనిషి ఒకరోజు నన్ను మర్యాదగా చూసి, నువ్వెవరమ్మా అని అడుగుతుందేమోనని.

మా ఆయన ఆమెను ఊళ్ళో ఉన్న తన తమ్ముడి దగ్గరికి పంపుదామన్నాడు. "తమ్ముని తాన కొన్ని దినాలుంటె గాలి మారుతది. ఈడ గీ లొల్లిల ఇంకింత ఖరాబైతది" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. మగ్గాల దగ్గర నిలబడి నిలబడి వచ్చిన మనిషికి దగ్గర్లో కనిపించిన దారి అది. కానీ నాకు ఆ గాలి మార్పులో గొళ్ళెం కనిపించింది. పంపేదేదో డాక్టరుకు చూపించాకే పంపుదామన్నాను. వయసు మరుపుకు డాక్టరేం చేస్తాడన్నాడు. చేయకపోతే ఆ మాట డాక్టరు నోటితోనే విందామన్నాను. నా గొంతు పెరిగేసరికి ఒప్పుకున్నాడు.

పెద్దాసుపత్రిలో నరాల డాక్టరు దగ్గర పొద్దుటి నుంచి కూర్చున్నాం. అత్తమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పరీక్షకు వచ్చిన పిల్లలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. లోపలికి వెళ్ళాక డాక్టరు హిందీలో అడుగుతుంటే, కంగారులో ఆమె తికమకపడకుండా నేను తెలుగులో చెప్పాను. ఈ రోజేమిటి, ఈ ఊరేమిటి, ఇంట్లో ఎవరెవరుంటారు. అన్నీ చెప్పింది. నిదానంగా, తడుముకుంటూ, కానీ చెప్పింది. మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి అడిగితే రెండు గుర్తు పట్టింది, మూడోది ఆయన మొదటి అక్షరం అందిస్తే తనే పూర్తి చేసింది. ఎప్పటి నుంచి ఇలా ఉందని ఆయన అడిగితే నేను మాడు వాసన సంగతి చెప్పాను. ఆయన రాసుకోవడం ఆపి తలెత్తాడు. ముందు కరోనా వచ్చిందా అని అడిగాడు.

తర్వాత బల్ల సొరుగులోంచి చిన్న సీసా తీసి మూత విప్పి ఆమె ముక్కు దగ్గర పెట్టాడు. కాఫీ పొడి. వాసన నాకు రెండడుగుల దూరంలో తెలుస్తోంది. అత్తమ్మ పీల్చింది. పీల్చి సీసాలోని పొడిని చూసింది, నా ముఖం వైపు చూసింది. "కాఫీ" అంది. డాక్టరు సబ్బుముక్క పెట్టాడు. మళ్ళీ నా ముఖం వైపు చూసి, "సబ్బు" అంది. డాక్టరు నవ్వి, "మాజీ, ఆంఖే బంద్ కరో" అన్నాడు.

ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన సీసాలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. ఆమె పీల్చింది, పీల్చింది, పెదవులు కదిపింది. చివరికి, "ఏం లేదు బిడ్డా. ఏదీ వస్తలేదు" అంది.

ఇన్ని నెలలు ఒకే వంటగదిలో, భుజం భుజం తగిలేంత దగ్గరగా ఉండి, ఆమెకు వాసన పోయిందని నేను కనిపెట్టలేదు. మూత తీసి ఆవిరి తోసుకోవడం మానలేదు ఆమె. కళ్ళు సగం మూయడం మానలేదు. ఆ సగం మూసిన కళ్ళతో నా ముఖాన్ని చూసేదట. నా ముక్కు ముడుచుకుంటే ఏదో తేడా ఉందని, నేను మామూలుగా ఉంటే సరిపోయిందని. నేను బజారుకు వెళ్ళిన రోజున చూడటానికి నా ముఖం లేక పప్పు మాడింది.

"ఎందుకు చెప్పలేదత్తమ్మా" అన్నాను.

"ఏమని చెప్పాలె? లేని వాసన వస్తుంది, ఉన్న వాసన వస్తలేదంటె పిచ్చి లేసిందనరా" అంది.

స్కానింగు, రక్త పరీక్షలు అన్నీ అయ్యాక మళ్ళీ వెళ్ళాం. మా ఆయన కూడా పనికి రజా పెట్టి వచ్చాడు. డాక్టరు కాగితం మీద ముక్కు గీసి, పైన మెదడు గీసి, రెండిటి మధ్య సన్నటి గీతలు గీశాడు. కరోనా ఈ దారిని దెబ్బతీసిందని చెప్పాడు. ముక్కులోంచి మెదడుకు కబురు చేరడం లేదట. కబురు రాకపోతే మెదడు ఊరుకోకుండా తనంతట తానే ఒక వాసన కల్పించుకుంటుందట. ఆ మాడు వాసన అదేనట. మాటలు తడుముకోవడం, పని మధ్యలో ఆగిపోవడం, గోల భరించలేకపోవడం, ఇవన్నీ ఆ జబ్బు తగ్గాక చాలామందిలో చూస్తున్నానన్నాడు. మెదడు దెబ్బ తిని అలసిపోయింది, తేరుకోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది, పూర్తిగా వస్తుందని నేను మాట ఇవ్వలేను అన్నాడు. పరీక్షల్లో చూసినంతవరకు ఇది రోజురోజుకూ మనిషిని మింగేసే మరుపు జబ్బు కాదు అన్నాడు.

అత్తమ్మకు హిందీ బాగానే అర్థమవుతుంది. ముందుకు వంగి, నా అవసరం లేకుండానే అడిగింది.

"సాబ్, మై పాగల్ నహీ?"

"బిల్కుల్ నహీ, మాజీ."

ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన గోడ మీది క్యాలెండరు వైపు తిరిగి దాన్ని శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాడు. అది గుజరాతీ క్యాలెండరు, ఆయనకు గుజరాతీ చదవడం రాదు. నాకైతే ఒంట్లోంచి బరువంతా దిగిపోయి, ఆ డాక్టరు కాళ్ళు పట్టుకోవాలనిపించింది. జబ్బు ఉందని చెబితే ఇంత సంతోషపడినవాళ్ళను ఆయన చూసి ఉండడు. ఆటోలో ఇంటికి వస్తూ అత్తమ్మ దారి పొడవునా మాట్లాడింది. మాటలు తప్పిపోతే, "గది రాదు తియ్, అలిసిపోయింది" అని తన తలను తనే తట్టుకుని ముందుకు పోయింది.

ఊరి ప్రయాణం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కానీ మెస్ నడవాలి కదా. ఉప్పు మరుపుకు ఉపాయం తేలిగ్గానే దొరికింది. ఆ పూటకు సరిపడా ఉప్పు నేను ముందే చిన్న గిన్నెలో తీసి పెడతాను. గిన్నె ఖాళీ అయితే వేసినట్టు, నిండుగా ఉంటే వేయనట్టు. మరి రుచి ఎవరు చూడాలి? నేను చూస్తానన్నాను. ఎంగిలి అంది. డాక్టరు చెప్పిన నరాలూ మెదడూ అన్నీ ఒప్పుకుంది కానీ ఎంగిలి దగ్గర మాత్రం ఒక్క మెట్టు దిగలేదు. రెండు రోజులు దీని మీదే దెబ్బలాడుకున్నాం. మూడో రోజు పొద్దున వంట దించగానే ఒక కంచం తెచ్చి, నిండా అన్నం పెట్టి, పప్పు, కూర, చారు అన్నీ వడ్డించి, పీట వాల్చింది.

"కూసో, తిను."

నేను బిత్తరపోయాను. మగవాళ్ళు ఇంకా రానేలేదు.

"రుచి సూసుడు ఎంగిలి. కూసోని కడుపు నిండ తింటె గది భోజనం. భోజనానికి ఎంగిలేంది?" అంది.

ఇంత గొప్ప తీర్పు నేను ఏ పంచాయితీలోనూ వినలేదు. కూర్చున్నాను. పదిహేనేళ్ళ కాపురంలో వేడి వేడి అన్నం నేను తిన్న మొదటి రోజు అదే కావచ్చు. ఆమె ఎదురుగా నిలబడి నా నోటి వైపే చూస్తోంది. ఉప్పు తక్కువ, చింతపండు ఎక్కువ, ఇలా చెబుతుంటే ఆమె సరిచేస్తోంది. ఈలోపు మగవాళ్ళు వచ్చేశారు. గుమ్మంలోంచి చూస్తే మెస్ కోడలు పీట మీద కూర్చుని భోంచేస్తోంది, అత్తగారు విసనకర్ర ఒకటే తక్కువగా నిలబడి వడ్డిస్తోంది. అందరూ వెనక్కి తగ్గి వాకిట్లో నిలబడ్డారు. మా ఆయన తల లోపలికి పెట్టి, "ఏందిది" అన్నాడు. "ఆగు జర, పిల్ల తింటుంది" అంది అత్తమ్మ. సిగ్గుతో నాకు ముద్ద దిగలేదు. వారం తిరిగేసరికి దిగడం మొదలైంది. ఆ తర్వాత ఆలస్యమైతే నేనే అడిగేదాన్ని.

డాక్టరు ఇంకో పని కూడా చెప్పాడు. బలమైన వాసనలు నాలుగు ఎంచుకుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, కళ్ళు మూసుకుని పీల్చాలి. పీలుస్తూ ఆ వాసన ఎలా ఉండేదో తలుచుకోవాలి. మెదడుకు అది మళ్ళీ అక్షరాభ్యాసం లాంటిదట. ఆయన గులాబీ అన్నాడు. అత్తమ్మ గులాబీలు నాకెందుకని కొట్టిపారేసి, లవంగం, నిమ్మతొక్క, వాము, దంచిన ఎల్లిపాయ పెట్టుకుంది. వాకిట్లో కూర్చుని, ఒక్కో డబ్బా తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని ధ్యానం చేసేది. వచ్చేపోయే వాళ్ళు ఏం పూజ పెద్దవ్వా అని అడిగేవారు. పాఠం చదువుతున్న, లొల్లి చేయకుండ్రి అనేది. చాలాకాలం ఏమీ రాలేదు. కొన్ని రోజులు విసుగొచ్చి డబ్బాలు మూలన పడేసేది. నేను తీసి మళ్ళీ ముందు పెట్టేదాన్ని. అప్పుడు నన్ను తిట్టేది. ఆ తిట్లలో తడబాటు తగ్గుతూ రావడం నేను గమనించాను. గరిటె మాట తిరిగొచ్చింది ఒక తిట్టులోనే.

ఒక పొద్దున ఉల్లిగడ్డలు తరుగుతున్న దగ్గరికి వచ్చి, ముఖం చిట్లించి, "గిదేంది, సచ్చిన ఎలుక కంపు కొడ్తుంది" అంది. నేను చూస్తే ఉల్లిగడ్డలు శుభ్రంగా ఉన్నాయి. ఎల్లిపాయ ఇచ్చి చూశాను. అది కూడా కంపేనంది. అందరం కంగారుపడి డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన సంతోషించాడు. దారి తెరుచుకుంటోంది, కబురు తప్పుగానైనా చేరుతోంది, ఇది మంచి గుర్తు అన్నాడు. ఉల్లిగడ్డ కంపు కొడుతోందని మిఠాయి పంచుకున్న ఇల్లు సూరత్‌లో మాది ఒక్కటే అయి ఉంటుంది. ఆ కంపు మాత్రం ఆమెను చాలాకాలం ఏడిపించింది. పోపు వేస్తే ముక్కుకు కొంగు కట్టుకుని వాకిట్లోకి వెళ్ళిపోయేది. పెద్దాయన, మిగతావాళ్ళూ కలిసి, "ఉల్లిగడ్డ లేకున్నా తింటం పెద్దవ్వా, కాకపోతె ఉప్పు గట్టిగెయ్యి" అన్నారు. మాడిన పప్పు రోజున నేను అరిచిన అరుపులు వాళ్ళకు బాగానే పనిచేసినట్టున్నాయి, నోరు విప్పడం నేర్చుకున్నారు.

కంపు మెల్లమెల్లగా పలచబడింది. మొదట నిమ్మ నిమ్మలా వచ్చింది. తర్వాత వాము. ఎల్లిపాయ అన్నిటికన్నా చివర దారికొచ్చింది. అన్నీ రాలేదు. మల్లెపూలు ఆమెకు ఇప్పటికీ తెలియవు. సాంబ్రాణి పొగ కూడా తెలియదు, కళ్ళు మండితే అర్థం చేసుకుంటుంది. అలసిపోయిన రోజున మాటలు ఇప్పటికీ జారిపోతాయి. మగవాళ్ళ గోల ఎక్కువైతే లేచి వెళ్ళిపోతుంది. కానీ మాడు వాసన పోయింది. పక్కింటివాళ్ళు నిశ్చింతగా ఉన్నారు.

మొన్న చలికాలంలో ఒకరోజు నేను చారు మరగబెడుతున్నాను. అత్తమ్మ అవతల గోడ వైపు తిరిగి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. వీపు నా వైపు ఉంది. నా ముఖం ఆమెకు కనిపించే వీలు లేదు.

"ఇంకింత ఉప్పేయ్" అంది.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఉప్పు గిన్నె చూశాను, సగం మిగిలే ఉంది. వేసి కలిపాను. ఆమె గాలి పీల్చి, "ఆఁ, సాలు" అని మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. తాను ఏమందో ఆమెకే పట్టలేదు. నేను చెబితే చెయ్యి ఆపి, నా వైపు తిరిగి, "నిజమేనానే" అంది. నిజమేనత్తమ్మా అన్నాను. ఇద్దరం పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. నవ్వుతూ ఆమె కళ్ళు తుడుచుకుంది, నేనూ తుడుచుకున్నాను.

వంట దించాక నేను పీట తీసి గోడకు ఆనించబోయాను. ఇక నా ఉద్యోగం ఊడినట్టే కదా, వరుసలో మళ్ళీ చివరికి పోవాలి కదా అనుకున్నాను. అత్తమ్మ ఆ పీటను నా చేతిలోంచి లాక్కుని కింద వాల్చింది. దాని పక్కన ఇంకో పీట వాల్చింది. రెండు కంచాలు పెట్టింది.

"నేను గూడ తింట. ఆకలైతుంది" అంది.

ఆమె మగవాళ్ళకన్నా ముందు తినడం నేనెప్పుడూ చూడలేదు. పక్కపక్కన కూర్చున్నాం. చారు కలుపుకుని, కళ్ళు మూసుకుని, మెల్లగా తింది. సగం తిన్నాక, ముద్ద చేతిలో పెట్టుకుని, ఏదో మామూలు సంగతి అడిగినట్టు అడిగింది.

"పిల్లా, రేపొక దినం నాకు నిజంగనే మతి పోతె ఏం జేస్తవు?"

"ఏం జేస్త. ముందుగాల నేను తింట, మంచిగుంటె నీకు పెడ్త" అన్నాను.

"గొళ్ళెం?"

"మనింట్ల గొళ్ళెం ఎప్పుడో ఊడిపోయిందత్తమ్మా. మీ కొడుకును బిగించమని ఎన్నిసార్లు చెప్పిన."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుని, తనకింకాస్త చారు వేయమని చెయ్యి ఊపింది. వాకిట్లో మగవాళ్ళు ఆకలికి దగ్గుతున్నారు. మేమిద్దరం నిదానంగా తిన్నాం.